టపాలో నడిచిన చదరంగం

1829వ సంవత్సరంలో చెన్నపట్నంలో ఇంగ్లీషు భాషలో ఒక పుస్తకం అచ్చయింది. దాని పేరు చాలా పొడుగు. ఆ కాలపు పుస్తకాల పేర్లన్నీ ఇంచుమించు అట్లాగే ఉండేవి. ముజియో గాంబిట్ అనే ఎత్తుగడను గురించిన విశ్లేషణ, దానితోపాటు చెన్నపట్నానికీ హైదరాబాదుకూ మధ్య జరిగిన రెండు చదరంగపు ఆటలు, వానిపై వ్యాఖ్యలు అని ఆ పేరు సారాంశం. వ్యాఖ్యలు రాసినవారు ఇద్దరు. ఒకడు గులాం కాసిం. చెన్నపట్నం పక్షాన ఆటలను ప్రధానంగా నడిపినవాడు ఇతడేనని పుస్తకం ముఖపత్రమే చాటుతున్నది. రెండవవాడు మద్రాసు సివిల్ సర్వీసు ఉద్యోగి జేమ్స్ కాక్రేన్. ముఖపత్రం మీద దేశీయుని పేరు ముందు, దొర పేరు వెనుక. కంపెనీ ప్రభుత్వపు రోజులలో ఇది తరచుగా కనబడే వరస కాదు.

ఆ ఆటలు ఎదురెదురుగా కూర్చుని ఆడినవి కావు. ఒక నగరం తన ఎత్తును కాగితం మీద రాసి పంపేది. రెండవ నగరం ఆలోచించి, వాదించుకుని, జవాబు ఎత్తును రాసి పంపేది. 1828లోను, ఆ మరుసటి యేడును ఈ వ్యవహారం టపా మీద నడిచింది. ‘ఎత్తుకు పై ఎత్తు’ అని మనం మాటవరసకు అంటూ ఉంటాము. ఆ రెండు ఎత్తుల నడుమ సుమారు 400 మైళ్ల బాట, కృష్ణానది, నల్లమల అడవుల చుట్టుదారులు, వానలు, టపా మోసేవాని కాళ్లు ఉన్న ఆట ఇది.

ఆ బాట ఎట్లా ఉండేదో తెలుగువారు ఊహించుకోవలసిన పని లేదు. చెన్నపట్నం సుప్రీంకోర్టులో దుబాసీగా ఉండిన ఏనుగుల వీరాస్వామయ్య 1830 మే 18వ తేదీన కాశీయాత్రకు బయలుదేరి, తిరుపతి, కడప, అహోబలం, శ్రీశైలం చూసుకుంటూ హైదరాబాదు మీదుగా ఉత్తరానికి పోయినాడు. దారి పొడుగునా తాను చూసినదంతా తన మిత్రుడు కోమలేశ్వరపురం శ్రీనివాసపిళ్లకు రాసి పంపినాడు. మన మొదటి యాత్రాచరిత్ర, 1838లో అచ్చయిన ‘కాశీయాత్ర చరిత్ర’, ఆ విధంగా టపాలో పుట్టిన పుస్తకమే. మజిలీలు, సత్రాలు, బోయీల కూలి, వాగులు దాటే వసతి, ఏ ఊళ్లో ఏ సరకు దొరుకుతుంది అన్న సంగతులు అందులో అంత పట్టిపట్టి చెప్పడం చూస్తే, ఆ నాటి ప్రయాణం ఎంతటి సాహసమో తెలుస్తుంది. గులాం కాసిం ఎత్తులు వీరాస్వామయ్య పల్లకీకంటె ఒక సంవత్సరం ముందుగా అదే రెండు నగరాల మధ్య తిరిగినవి. చెన్నపట్నంలో కంపెనీ తపాలా కార్యాలయం 1786లోనే ఏర్పడినది కాబట్టి ఉత్తరాలకు ఒక క్రమం ఉండేది. అంచెవాడు ఒక మజిలీ నడిచి సంచిని మరొకనికి అందించేవాడు. నది పొంగితే పుట్టి తిరిగి నడిచేదాకా సంచీ ఒడ్డుననే. ఎత్తుకు పది రోజులు పట్టినదని అనుకున్నా 40 ఎత్తుల ఆటకు ఒక సంవత్సరం చాలదు.

ఆ సంవత్సరాలు ఎటువంటివో కూడ కొంచెం గుర్తు చేసుకోవాలి. 1827 జులైలో గవర్నరు సర్ తామస్ మన్రో పత్తికొండ దగ్గర కలరాతో చనిపోయినాడు. 1829 మేలో హైదరాబాదులో నిజాం సికందర్ జా గతించి, నాసిరుద్దౌలా గద్దె ఎక్కినాడు. అక్కడ రాజ్యపు లెక్కలన్నీ చందూలాల్ చేతిలోను, చందూలాల్ రెసిడెన్సీ చేతిలోను ఉన్నవి. ఇటు చెన్నపట్నంలో, చదరంగపు పుస్తకం వెలువడిన 1829లోనే, సి. పి. బ్రౌను వేమన పద్యాలను ఇంగ్లీషు అనువాదంతో మొదటిసారి అచ్చు వేయించినాడు. ఒకే ఊళ్లో, ఒకే సంవత్సరంలో, ఒక దొర వేమన్నను ఇంగ్లీషు పాఠకులకు చూపించినాడు; ఒక దేశీయుడు యూరపు ఆటగాళ్లకు వారి ఎత్తుగడనే విప్పి చెప్పినాడు. మొదటి సంగతి మన సాహిత్య చరిత్రలన్నిటిలోను ఉన్నది. రెండవది ఎక్కడా లేదు.

గులాం కాసిం విప్పి చెప్పినది ఏమిటి? రాజు ముందరి బంటును రెండు గళ్లు తోసి ఉభయులూ ఆట ఆరంభిస్తారు. తెల్లవాడు రాజుపక్క శకటు ముందరి బంటును కూడ రెండు గళ్లు తోసి ఎరగా పెడతాడు. నల్లవాడు దానిని కొడతాడు. తెల్లవాడు గుర్రాన్ని తీస్తాడు. నల్లవాడు గెలుచుకున్న బంటును కాపాడుకోవడానికి మరొక బంటును ముందుకు తోస్తాడు. తెల్లవాడు శకటును బయటికి తెచ్చి నల్లరాజు పక్కనున్న బలహీనమైన గడి మీద చూపు నిలుపుతాడు. నల్లవాడు ఆ బంటునే మరొక అడుగు నడిపి గుర్రం మీద పడతాడు. గుర్రం పోతున్నది. అయినా తెల్లవాడు దానిని కదపక, రాజును కోటలోకి పంపి, దాడికి దిగడమే ముజియో గాంబిట్. గులాం కాసిం ఇక్కడ మరొక దారి చూపినాడు. కోట కట్టడం తరువాతి మాట; గుర్రాన్ని అక్కడే వదలి, మంత్రి ముందరి బంటును రెండు గళ్లు నడిపి నట్టనడుమ చోటు ఆక్రమించమన్నాడు. ఈ ఎత్తు నేటికీ చదరంగ గ్రంథాలలో గులాం కాసిం గాంబిట్ అనే పేరుతోనే ఉన్నది.

ముజియో అనే పేరు కథ ఇంకొకటి. 17వ శతాబ్దిలో సాల్వియో అనే ఇటలీ గ్రంథకర్త ఈ ఎత్తుగడను ప్రస్తావించినాడు. దానిని ఆడినవాడు ముజియో కాడు. వేరొకడు ఆడగా చూసి వచ్చి చెప్పినవాడు. తరువాత ఇంగ్లీషులోకి అనువదించినవారు తడబడి, చూసినవాని పేరునే ఆటకు తగిలించినారు. అనువాదకుని పొరపాటు ఒక మనిషికి రెండు శతాబ్దాల కీర్తి తెచ్చిపెట్టింది! ఈ వృత్తిలో ఉన్నవారు కాస్త జాగ్రత్తపడవలసిన సంగతి.

పేర్ల మాట వచ్చింది గనుక మరొకటి. చెన్నపట్నం, హైదరాబాదులు టపాలో ఆడుకుంటున్న రోజులలోనే బ్రిటనులో ఎడింబరో, లండన్ నగరాలు కూడ అట్లాగే ఆడుకున్నవి. 1824లో మొదలైన ఆ పోటీ 1828లో ముగిసి ఎడింబరో గెలిచింది. ఆ రెండు నగరాల మధ్య దూరం కూడ సుమారు 400 మైళ్లే. అయితే వారి ఉత్తరాలు గుర్రపు బండ్ల మీద పోయినవి. ఆ పోటీ మూలంగా ఒక ఆరంభానికి ‘స్కాచ్ ఆట’ అని పేరు నిలిచింది. 1834 మొదలు 1836 వరకు పారిస్, లండన్ నగరాల మధ్య టపా ఆటలు జరిగి పారిస్ గెలిచింది; నల్లవాడు రాజు ముందరి బంటును ఒక్క గడి మాత్రమే నడిపే పద్ధతికి ‘ఫ్రెంచి రక్షణ’ అని పేరు పడింది. టపాలో ఆడిన ఆటకు ఇట్లా దేశాల పేర్లు పెట్టే శక్తి ఉండేది. ఎదురెదురుగా ఆడినది గాలిలో కలిసిపోతుంది. టపాలో ఆడినది కాగితం మీద మిగులుతుంది, పత్రికలకు ఎక్కుతుంది, పేరు తెచ్చుకుంటుంది. అదే కాలంలో అంతటి దూరం మీద ఆడిన మన రెండు నగరాల పేర ఏ ఆరంభమూ లేదు. మిగిలినది ఒక్క మనిషి పేరు మాత్రమే.

ఆ మనిషి ఏ ఆటలో పెరిగి ఈ ఆటలోకి వచ్చినాడన్నది నాకు ముఖ్యంగా తోచే ప్రశ్న. మన దేశపు చదరంగం అప్పటికి యూరపు చదరంగం కాదు. ప్రాంతానికొక వాడుక ఉన్నప్పటికీ కొన్ని సంగతులు చాలాచోట్ల సమానంగా ఉండేవి. బంటు మొదటి ఎత్తులో కూడ ఒక్క గడే నడిచేది. కోట కట్టడం లేదు. దానికి బదులు రాజు ఆటలో ఒక్కసారి గుర్రం వలె దూకవచ్చును. అవతలి అంచు చేరిన బంటు తన ఇష్టం వచ్చిన బలం కాలేదు. ఏ వరుసలో చేరితే ఆ వరుస యజమాని మాత్రమే కాగలదు. గుర్రపు వరుస చేరితే గుర్రం, ఏనుగు వరుస చేరితే ఏనుగు. మన సంఘనీతి ఆటలోకి కూడ వచ్చిందని ఎవరైనా నవ్వవచ్చును. ఆటలో గెలుపులకు కూడ అంతరాలుండేవి. ప్రత్యర్థి బలాలన్నిటినీ ఊడ్చి రాజును ఒంటరి చేయడం ఒక లెక్క, నిండు సభలో ఆట కట్టడం మరొక లెక్క.

బంటు ఒక్క గడే నడిచే ఆటకు సహజంగా ఒక నడక ఏర్పడుతుంది. రెండు సైన్యాలు మూడవ ఎత్తుకే నట్టనడుమ ఢీకొనడం జరగదు. ఆటగాడు తన ఇల్లు చక్కబెట్టుకుంటాడు. గుర్రం ముందరి బంటును ఒక గడి జరిపి, ఆ ఖాళీ గడిలోకి శకటును తెచ్చి నిలుపుతాడు. అక్కడినుంచి అది మూలనుంచి మూలకు పోయే పొడుగు బాటను కాపలా కాస్తుంది. నడుమనున్న చోటును ఆక్రమించడం కాదు, పక్కనుంచి దానిమీద కన్ను వేసి ఉంచడం ఈ పద్ధతి. ఈనాటి శాస్త్రం దీనిని పార్శ్వ ప్రారంభం అంటున్నది. మన తాతలకు ఇది శాస్త్రం కాదు, అలవాటు. యూరపులో 19వ శతాబ్దిలో దీనికి గౌరవం తక్కువ. నడుమ బంట్లు నిలపనివానికి ధైర్యం లేదని వారి భావన. అటువంటి నిదానపు ఆట వాడుకగా ఉన్న దేశంనుంచి వచ్చిన గులాం కాసిం, యూరపు చదరంగంలో అన్నిటికంటె ఉద్ధతమైన ఎత్తుగడను, రెండు గళ్ల బంటునీ, కోటనీ ఆధారం చేసుకున్న దానిని, వారికే వ్యాఖ్యానించి చెప్పగలిగినాడు. అతడు చూపిన దారిలో కోట వెంటనే కట్టరన్న సంగతి కూడ నన్ను ఆకర్షిస్తుంది. దానిమీద పెద్ద సిద్ధాంతం కట్టబోను.

ఈ పంక్తులు రాస్తున్నది సూరతులో. తాపీ నది ఒడ్డున 1613లో ఆంగ్లేయుల వర్తకశాల నిలదొక్కుకున్న ఊరు ఇది. ఇక్కడి మగ్గాల వాడలలో తెలంగాణంనుంచి వచ్చిన పద్మశాలి కుటుంబాలు అనేకం ఉన్నవి గనుక ఒకే వీధిలో ఆటకు రెండు మూడు పేర్లు వినవచ్చును. గుజరాతీలో ఇది శేతరంజ్, హిందీలో శతరంజ్, తెలుగులో చదరంగం. మొదటి రెండూ పారసీకం పోయి, అరబ్బీ వేషం వేసుకుని తిరిగివచ్చిన మన చతురంగమే. తెలుగు మాట ఊరు కదలక ఇక్కడే అరిగినది. పావుల పేర్లు ఇంకా చిత్రం. మనకు శకటు అయినది వారికి ఊంట్, అంటే ఒంటె. మనకూ వారికీ మూలనున్నది ఏనుగే. వంగదేశంలో ఆ మూలనున్నది నౌక, అక్కడ ఏనుగు వచ్చి శకటు చోట నిలిచింది. రథ గజ తురగ పదాతులలో తురగ పదాతులు మాత్రమే ఎవరికీ సందేహం లేకుండా తమ గళ్లలో నిలిచినవి. ఎడారి ఉన్నవారు ఒంటెను, నది ఉన్నవారు పడవను తెచ్చిపెట్టుకున్నారు. టపాలో ఆట ఆడేవారికి ఇది హాస్యపు సంగతి కాదు. ఎత్తును మాటలలో రాసి పంపాలి. అవతలివాడు అదే ఎత్తును అర్థం చేసుకోవాలి. ఒక్క పేరు తారుమారైతే ఆట తారుమారు. అందుకే ఆ ఆటలు అచ్చులో వచ్చేసరికి ఇంగ్లీషు పేర్లలో వచ్చినవి. ఆట భాష మారడం అక్కడినుంచే మొదలైనదని నా అభిప్రాయం. నియమాలు తరువాత మారినవి.

ఈ మార్పుకు గులాం కాసిం ఒక్కడే సాక్షి కాడు. 1814లో బొంబాయిలో తిరువేంగడాచార్య శాస్త్రి అనే పండితుని చదరంగపు గ్రంథం ఇంగ్లీషులో వెలువడినది. సంస్కృతంలో ‘విలాసమణిమంజరి’ అనే పేరుతో ఉన్న తన ఆటచిక్కులను ఆయన యూరపు పద్ధతికి అనువుగా మార్చి ఇచ్చినాడు. పండితుని పేరులో తిరుమల కొండ ఉన్నది. గ్రంథం మాత్రం పడమటి తీరంలో అచ్చయింది. ‘యూరపు పద్ధతికి అనువుగా’ అన్న మాట ఆ పుస్తకం పేరులోనే ఉండడం గమనించదగినది. అంటే 1814 నాటికే మన పండితుడు తన ఆటను అనువదించవలసిన అవసరాన్ని గుర్తించినాడు. ఏడు శతాబ్దాల క్రితం, సుమారు 1129లో, కల్యాణి చాళుక్యరాజు మూడవ సోమేశ్వరుడు ‘మానసోల్లాసం’లో రాజుల వినోదాలలో ఒకటిగా చదరంగాన్ని వర్ణించినప్పుడు ఎవరి పద్ధతికీ అనువు చేయవలసిన పని ఆయనకు లేదు.

కలకత్తాలో మహేశ్‌చంద్ర బెనర్జీ కథ మరికొంత విచారకరం. పల్లెటూరి బ్రాహ్మణుడు, తనవైపు ఓటమి ఎరుగడని పేరు. 1848లో కలకత్తా చదరంగ సంఘంవారు అతనిని కనుగొని తీసుకువచ్చి, అక్కడ న్యాయవాదిగా ఉన్న జాన్ కాక్రేన్ ఎదుట కూర్చోబెట్టినారు. (ఈ కాక్రేన్ వేరు, చెన్నపట్నపు జేమ్స్ కాక్రేన్ వేరు.) వారిద్దరూ సంవత్సరాల తరబడి వందలాది ఆటలు ఆడినారు. దొర రాసిపెట్టుకున్నాడు గనుక అవి మిగిలినవి. ఎక్కువ ఆటలలో దొరదే గెలుపు. మహేశ్‌చంద్ర మాత్రం తన దేశపు నడకను వదలలేదు. మంత్రి ముందరి బంటును దొర నడిపితే, అతడు రాజుపక్క గుర్రాన్ని తీసి, పక్కబంటును ఒక గడి జరిపి, శకటును మూలబాటలో నిలిపేవాడు. 1855లో అట్లా మొదలైన ఒక ఆటలో అతడు మూడవ ఎత్తుకు మంత్రి ముందరి బంటును రెండు గళ్లు తోసి ఎదురు కొట్టినాడు. ఆ ఆట ఓడిపోయినాడు. సొంత బలాలే చుట్టూ కమ్ముకుని దారి ఇవ్వక రాజు చచ్చినాడు. సరిగా అవే మూడు ఎత్తులతో 1922లో వియన్నాలో ఎర్న్‌స్ట్ గ్రూన్‌ఫెల్డ్ అలెఖిన్‌ను ఓడించినాడు. ప్రపంచం ఆ ఎత్తులను గ్రూన్‌ఫెల్డ్ రక్షణ అని పిలుస్తున్నది.

1920ల తరువాత యూరపు ఆటగాళ్లకు పక్కలనుంచి ఆడే నడక ఒక్కసారిగా కొత్తదనమై తోచింది. నిమ్జోవిచ్, రేటి, టార్టకోవర్ మొదలైనవారు నడుమను దూరంనుంచి శాసించవచ్చునని గ్రంథాలు రాసినారు. 1924లో న్యూయార్కులో రేటి గుర్రంతో ఆరంభించి, బంట్లను పక్కలనుంచి నడిపి, ఎనిమిదేళ్లుగా ఓటమి ఎరుగని కాపబ్లాంకాను ఓడించినాడు. గుర్రాన్ని ముందు తీసి నడుమ బంటును ఆపి ఉంచే రక్షణలన్నిటికీ ‘ఇండియన్’ అని పేరు వ్యాపించింది. ఆ పేరు మహేశ్‌చంద్ర ఆటల మూలంగా 1884 నాటికే వాడుకలోకి వచ్చిందంటారు. కాని దేశం పేరు నిలిచింది, మనిషి పేరు పోయింది. గులాం కాసిం విషయంలో జరిగినది దీనికి సరిగా తలక్రిందులు: అతని సొంత పేరు నిలిచింది, అతని నగరం పేరు గాని, దానితో ఆడిన హైదరాబాదు పేరు గాని నిలవలేదు. పైగా పరదేశపు ఎత్తుగడను విశ్లేషించినవాడు గనుక పేరు దక్కింది. తన దేశపు ఎత్తుగడను ఆడినవానికి దక్కలేదు. ఇది అన్యాయమనే నేను అనుకుంటాను.

ఆ 1924వ సంవత్సరంలోనే మరొక సంగతి జరిగింది. ప్రేమ్‌చంద్ ‘శతరంజ్ కే ఖిలాడీ’ అనే కథ ప్రచురించినాడు. లక్నోలో ఇద్దరు జాగీర్దారులు రాజ్యం పోతున్నా పలక మీదనుంచి తల ఎత్తరు. నవాబును కంపెనీవారు పట్టుకుపోతుంటే కన్నీరు పెట్టరు. చివరికి ఆట రాజు కోసం ఒకరినొకరు పొడుచుకుని చస్తారు. ఎంత గొప్ప కథ! కాని ఆ కథ మన మనస్సులో ఎంత గట్టిగా నాటుకున్నదంటే, కంపెనీ కాలపు చదరంగం అనగానే మనకు సోమరితనం తప్ప మరొకటి కనబడదు. 1828లో చెన్నపట్నంలో, మరొక నగరపు ఉత్తరానికి ఎదురుచూస్తూ ఒక్కొక్క ఎత్తుకు నాలుగు జవాబులు, ప్రతి జవాబుకు మరి నాలుగు జవాబులు ఆలోచించి ఉంచుకున్నవాడు మీర్జా సజ్జాద్ అలీ వంటివాడు కాడు. అతడు విద్వాంసుడు. సంగీతానికో, వ్యాకరణానికో మనం ఇచ్చే మన్నన అతని విద్యకు ఇవ్వకపోవడానికి కారణం ఆటను వినోదమని తక్కువగా చూసే మన పాత అలవాటే తప్ప, అతని కృషిలో లోపం కాదు.

దేశీ చదరంగంలో పెరిగి యూరపు ఆటకు వచ్చినవారిలో అందరికంటె పైకి పోయినవాడు పంజాబుకు చెందిన మీర్ సుల్తాన్ ఖాన్. తన జాగీర్దారు ఉమర్ హయాత్ ఖాన్ వెంట ఇంగ్లండు పోయి 1929, 1932, 1933 సంవత్సరాలలో బ్రిటిషు విజేత అయినాడు. 1930 చివర మొదలై 1931లోకి సాగిన హేస్టింగ్స్ పోటీలో కాపబ్లాంకాను ఓడించినాడు. యూరపు ఆరంభాల శాస్త్రం అతనికి అంతగా తెలియదనీ, మధ్య ఆటకు వచ్చేసరికి ఎవరూ నిలవలేరనీ అతని సమకాలికులు ఆశ్చర్యపడేవారు. ఆరంభాలు తెలియకపోవడం కాదు, అతనికి తెలిసిన ఆరంభాలు వేరు అని చెప్పడం ఉచితం. జాగీర్దారుతో స్వదేశం చేరి, ఆట వదలి, 1966లో చనిపోయినాడు. ప్రపంచ చదరంగ సమాఖ్య అతనికి గౌరవ గ్రాండ్‌మాస్టరు బిరుదు ప్రకటించినది 2024లో.

గులాం కాసింకు బిరుదులు లేవు. 1829 నాటి ఆ పుస్తకం నేడు ఏ కొద్ది గ్రంథాలయాలలోనో తప్ప దొరకదు. ఆటల సంకలనాలు తిరగవేసేవారికి రాజు గాంబిట్ ప్రకరణంలో, ముజియోకు పక్కగా, ఐదవ ఎత్తు దగ్గర అతని పేరు కనబడుతుంది: మంత్రి ముందరి బంటు, రెండు గళ్లు.